మన్యంలో పాపం, పరలోకం: రెండు శతాబ్దాల సింహావలోకనం

పాపభయం మనిషిని మంచివాణ్ణి చేస్తుందా, పిరికివాణ్ణి చేస్తుందా? స్వర్గం ఆశ, నరకం బెదురు లేకపోతే లోకం కట్టు తప్పుతుందని ఒక పక్షం. బెదిరి చేసిన మంచి మంచే కాదని ఇంకో పక్షం. క్రైస్తవ దేశాల్లో ఈ తగవు శతాబ్దాలుగా తెగలేదు. ఈ తగవులో సాక్ష్యం చెప్పదగ్గ ఊళ్లు మన తూర్పు కనుమల్లో చాలా ఉన్నాయి. అరకు, పాడేరు, సాలూరు, సీతంపేట, ఆ పైన నందపురం, కోరాపుట్, గుణుపురం. ఒక తరం జబ్బు చేస్తే పూనకంతో దేవతల మాట పలికే గురుమాయిని పిలిచి కోడిని కోయించింది. తర్వాతి తరంలో కొందరు పాస్టరును పిలిచి ప్రార్థన చేయించారు. అంటే రెండు నీతులూ పక్కపక్కనే, ఒకే చుట్టరికంలో బతికిన చోటు ఇది. ఏది నిజమో తేల్చడం మన పని కాదు. ఏది మనిషి చేత ఏం చేయించిందో మాత్రం వెనక్కి తిరిగి చూడవచ్చు.

మిషనరీ రాకముందు

కొండల్లో పాపమన్న ఊహే లేదని, దాన్ని దొరలే తెచ్చి అంటగట్టారని ఒక మాట వినబడుతుంది. పాత రికార్డు అలా చెప్పదు. గంజాం వైపు కోందుల మధ్య పనిచేసిన శామ్యూల్ మెక్ఫర్సన్ అనే సైనికాధికారి 1852లో వాళ్ల మతం గురించి ఒక వ్యాసం ప్రచురించాడు. వాళ్లు ఘోరమనుకునే తప్పుల జాబితా ఒకటి అందులో ఇచ్చాడు. అతిథికి ఆశ్రయం ఇవ్వకపోవడం, ఒట్టు తప్పడం, ఇస్తానన్నది లేదనడం, స్నేహం కట్టి తెంచుకోవడం, వావి తప్పడం, యుద్ధంలో వెనక నక్కడం, ఊరి గుట్టు బయటపెట్టడం. అబద్ధమూ తప్పే, కానీ అతిథి ప్రాణం కాపాడటానికైతే కాదు. ఇంకొకటి ఆశ్చర్యం కలిగిస్తుంది: తెగ మొత్తాన్ని ముంచే అప్పు చేయడమూ పాపమే. ఎందుకంటే ఒకడి అప్పుకు అందరూ పూచీ.

చచ్చినవాళ్ల లెక్కలు చూసే డింగా పెన్ను అనే దేవుడు నల్లటి నది మధ్య జారుడు బండ మీద కూర్చుని ఉంటాడని కూడా మెక్ఫర్సన్ రాశాడు. అయితే ఆ తీర్పు శాశ్వత నరకానికి దారితీయదు. శిక్ష రోగంగానో లేమిగానో మళ్లీ ఈ లోకంలోనే తగులుతుంది. బిడ్డ పుడితే పేరు పెట్టేనాడు పూజారి ఒక గిన్నెలో నీళ్లు పోసి, పోయిన పెద్దల పేర్లు ఒక్కొక్కటే చెబుతూ ఒక్కో బియ్యపు గింజ వేస్తాడు. గింజ కదిలిన తీరు చూసి, బిడ్డ ఒళ్లు చూసి, ఫలానా తాత తిరిగి వచ్చాడని చెబుతాడు. పోయినవాళ్లు ఇలా ఇంటికే తిరిగి వచ్చే చోట వాళ్లను ఎప్పటికీ వెలివేసే పరలోకానికి తావు లేదు.

సవరల లెక్క ఇంకో రకం. మనిషి బతికిన తీరు కన్నా చనిపోయిన తీరే అతని తర్వాతి చోటును తేలుస్తుంది. ప్రమాదంలో పోయినవాడు ఒక చోటికి, మశూచితో పోయినవాడు ఇంకో చోటికి. ఎవరు ఏ జబ్బుతో పోతే ఆ జబ్బునే బతికున్న చుట్టాలకు అంటిస్తారు. అందుకని పూనకం వచ్చిన స్త్రీ నోట పోయినవాళ్లను మాట్లాడించి, అడిగి, తిట్టి, ఏడ్చి, బుజ్జగించి, ఏళ్ల తరబడి బేరమాడి వాళ్లను పితరుల్లో కలుపుతారు. గదబల గొతర్ పండుగలో పోయినవాళ్ల పేరున దున్నలను మేపి, మనిషికి పెట్టినట్టే అన్నం పెట్టి, వాటి మెడ పట్టుకుని ఏడుస్తారు. ఆ తర్వాత బంధుత్వమున్న పక్క ఊరివాళ్లు వాటిని తోలుకుపోతారు. నందపురం, కోరాపుట్ ప్రాంతాల ఈ తంతును, ఆ సందర్భంగా నాటే రాళ్లను మానవశాస్త్రవేత్త హైమెన్‌డార్ఫ్ 1940ల్లో వర్ణించాడు.

అలాగని ఆ పాత లోకాన్ని పూలతోట అనుకోవడానికి లేదు. పసుపు బాగా పండాలని కోందులు భూదేవికి మనిషిని బలిచ్చేవారు. వెల ఇచ్చి కొన్నాం కాబట్టి పాపం మాకు అంటదని బలి వేళ చెప్పుకునేవారని ఆనాటి కథనాలు చెబుతాయి. ఒకరు చెల్లించిన వెల మరొకరి పాపాన్ని తుడుస్తుందన్న ఊహ సిలువ కథకు ఎంత దగ్గరో ఆ కథనాలు రాసిన దొరలకు తట్టిందో లేదో. ఇక చిల్లంగి, అంటే చేతబడి. జ్వరం తగ్గకపోతే, పశువు చస్తే, ఫలానావాడు చిల్లంగి పెట్టాడని అనుమానం. ఆ నెపంతో ముసలివాళ్లను చంపిన వార్తలు పాడేరు, అరకు వైపు నుంచి ఈ మధ్య దాకా వచ్చాయి. ప్రతి చావుకూ ఎవరో ఒకరు బాధ్యులనే నీతి దుఃఖంలో ఉన్నవాడికి తోడిస్తుంది. ఆ నీతే అమాయకుడి మీదికి కత్తి కూడా ఎత్తిస్తుంది.

కొండెక్కిన సువార్త

లండన్ మిషనరీ సొసైటీకి చెందిన జార్జ్ క్రాన్, అగస్టస్ డెస్ గ్రాంజెస్ విశాఖపట్నంలో దిగింది 1805లో. కానీ సువార్త కొండెక్కడానికి చాలా కాలం పట్టింది. మన్యం జ్వరమే పెద్ద కాపలాదారు. మధ్యలో నరబలిని ఆపడానికి ఈస్టిండియా కంపెనీ 1845లో ప్రత్యేక ఏజెన్సీ పెట్టింది. 1861లో దాన్ని ఎత్తేసేలోపు విడిపించిన పిల్లల్లో కొందరిని బరంపురం, కటకం బాప్టిస్టు మిషన్లకు అప్పగించారు. బలి నుంచి తప్పించిన ప్రభుత్వమే ఆ బిడ్డలకు కొత్త మతాన్నీ నిర్ణయించింది.

జర్మనీలోని బ్రెక్లుమ్ నుంచి లూథరన్ మిషనరీలు బోట్‌మన్, పోల్ 1882లో జయపూర్ సంస్థానం వైపు వచ్చారు. సాలూరులో పనిచేసిన షుల్జె 1910ల్లో కువి భాషకు వ్యాకరణం, పదకోశం రాశాడు. కొండల్లో మొదట పెద్దసంఖ్యలో బాప్తిస్మం తీసుకున్నది డొంబులు. నేత, చిల్లర వ్యాపారం చేసుకునే వీళ్లను తక్కిన కులాలు దూరం పెట్టేవి. మనుషులంతా పుట్టుకతో పాపులేనన్న బోధ వాళ్ల చెవికి వేరుగా వినిపించి ఉండాలి. ఊళ్ల మీద పెత్తనం చేసే ముఠాదారూ పాపే, సంస్థానపు రాజూ పాపే. పట్నంలో కూర్చుని చదివితే మనిషిని కించపరిచే సిద్ధాంతంలా కనిపించేది, వెలివేతలో బతికినవాడి చేతిలో సమానత్వపు పత్రమైంది.

1874లో కాకినాడలో స్థిరపడిన కెనడియన్ బాప్టిస్టులు తర్వాతి దశాబ్దాల్లో పర్లాకిమిడి మీదుగా సవర కొండలకు, సెరంగో దాకా చేరారు. అదే పర్లాకిమిడిలో గిడుగు రామమూర్తి ఏ మతమూ మార్చకుండా సవర భాష నేర్చుకుని, సవర పిల్లలకు బడి పెట్టి, 1931లో ఆ భాషకు వ్యాకరణ గ్రంథం తెచ్చారు. 1936లో గుణుపురం ప్రాంతంలో మంగెయి గొమాంగో సవర లిపిని రూపొందించి, అక్షరాన్నే దైవంగా కొలిచే మార్గం నెలకొల్పాడు. మన్యంలో అల్లూరి సీతారామరాజు 1922 తిరుగుబాటుకు ముందే కల్లు మానమని, తగవులు ఊరి పంచాయతీలోనే తీర్చుకోమని చెప్పి ఊళ్లను కూడగట్టాడు. అంటే తాగుడు మానడానికీ, అక్షరం నేర్వడానికీ నరకభయం తప్పనిసరి మెట్టేమీ కాదు. కానీ మెట్టుగా పనికి రాలేదనీ అనలేం.

మా తాతల సంగతేమిటి?

పితరులను కొలిచే ప్రతి సమాజమూ క్రైస్తవాన్ని ఎక్కడో ఒకచోట ఈ ప్రశ్న అడిగింది. బాప్తిస్మం లేకుండా పోయిన తమ పెద్దలు నరకం నుంచి బయటపడరని విని జపాను విశ్వాసులు ఏడ్చారని ఫ్రాన్సిస్ జేవియర్ 1552లో ఉత్తరం రాశాడు. దక్షిణాఫ్రికాలోని నటాల్‌లో జూలూల మధ్య పనిచేసిన బిషప్ కొలెన్సో 1861లో శాశ్వత శిక్షను కాదంటూ రాశాడు. చర్చి అతన్ని విచారించి 1863లో దోషిగా తేల్చింది. నూరేళ్ల తర్వాత, 1964లో, తమ తప్పు లేకుండా సువార్త ఎరగనివారికీ రక్షణ సాధ్యమేనని రెండో వాటికన్ మహాసభ ప్రకటించింది. బాప్తిస్మం లేకుండా పోయిన పసిబిడ్డల రక్షణకూ ఆశ పెట్టుకోవచ్చని 2007లో వాటికన్ వేదాంతుల సంఘం చెప్పింది. కొలెన్సోను దోషిని చేసింది ఆంగ్లికన్ చర్చి, ఈ మాటలన్నది రోమన్ చర్చి. అయినా ఒకరి దగ్గర నేరమైన ఆలోచన ఇంకొకరి దగ్గర అధికార బోధకు చేరువ కావడానికి పట్టిన కాలం అంత.

ఆ సవరింపులు కొండ మీది ప్రార్థన కూటానికి ఏ మేరకు చేరాయన్నది వేరే సంగతి. సవరల మార్పును 1975 నుంచి దగ్గరగా చూసిన మానవశాస్త్రవేత్త పియర్స్ విటెబ్‌స్కీ 1993లో ఒక పుస్తకం, 2017లో మరొకటి రాశాడు. మొదటిది పోయినవాళ్లతో మాట్లాడే జనం గురించి, రెండోది మాట్లాడటం మానేసిన జనం గురించి. మధ్యలో ఒక తరం బాప్టిస్టులైంది. వాళ్లకు దక్కినవి చిన్నవి కావు. జబ్బు చేసినప్పుడల్లా మేక, పంది, దున్న బలివ్వాల్సిన ఖర్చు పోయింది. దానితో పాటు షావుకారు దగ్గర చేసే అప్పూ తగ్గింది. కల్లు, సారా మానినవాళ్ల ఇళ్లలో పైసా నిలిచింది. చదువు వచ్చింది. పోయినవాడు మీద పడతాడన్న భయం పోయింది.

పోగొట్టుకున్నవీ ఉన్నాయి. చావు తంతుల్లో పెద్దరికం స్త్రీలది. పోయినవాళ్ల గొంతు వాళ్ల నోటనే పలికేది. కొత్త మతంలో వేదిక మీద నిలబడింది చదువుకున్న మగ పిల్లలు. ఏళ్లపాటు సాగే సంభాషణ ఆగిపోయింది. నాన్న యేసు దగ్గర ఉన్నాడంటే అక్కడితో మాట ముగిసినట్టే. ఆయనతో తేల్చుకోని గొడవ, అడగని క్షమాపణ ఎక్కడికి పోవాలి? మైదాన ప్రాంతపు తెలుగు క్రైస్తవం ఈ లోటును ఎన్నడో గుర్తించింది. చావింట ఆదరణ కూడిక, ఏడాదికోసారి సమాధుల పండుగ, సున్నం కొట్టిన సమాధి మీద పూలు, కొవ్వొత్తులు. సిద్ధాంతం మూసిన తలుపును ఆచారం ఓరగా తెరిచి ఉంచింది.

చట్టం నోట దైవాగ్రహం

ఈ చర్చ చివరికి కోర్టు దాకా వెళ్లింది. ఒరిస్సా 1967లో చేసిన మత స్వాతంత్ర్య చట్టం, దైవాగ్రహం పేరు చెప్పి బెదిరించడాన్ని కూడా బలప్రయోగం కిందే లెక్కగట్టింది. దీని ప్రకారం నరకం చూపించి మతం మార్చడం శిక్షార్హం. 1972లో హైకోర్టు ఆ చట్టాన్ని కొట్టేసింది. 1977లో సుప్రీంకోర్టు నిలబెట్టింది. ప్రచారం చేసే హక్కు అంటే ఎదుటివాణ్ణి మార్చే హక్కు కాదంది. అమ్మవారికి కోపం వచ్చిందని ఊరి పూజారి దిసారి చెప్పి మేకను అడిగితే మాత్రం ఈ చట్టం పట్టించుకోదు. భయం పాతదైతే ఆచారం, కొత్తదైతే నేరం అన్నట్టు. చట్టం ఉండి కూడా 2008లో ఒరిస్సాలోని కంధమాల్ జిల్లా తగలబడింది. అక్కడి హిందూ నాయకుడు స్వామి లక్ష్మణానంద సరస్వతి హత్య తర్వాత క్రైస్తవుల ఊళ్లు, చర్చిలు కాలిపోయాయి. వేల కుటుంబాలు అడవుల పాలయ్యాయి. పరలోకం గురించిన తగవు ఇహలోకంలో భూమి, రిజర్వేషన్ల తగవుతో కలిసి రగిలింది.

అదే సుప్రీంకోర్టు 2013లో ఒరిస్సాలోని నియమగిరి కొండల తవ్వకం విషయంలో ఇంకో మాట చెప్పింది. తవ్వకం వల్ల డోంగ్రియా కోందుల మతపరమైన హక్కులకు భంగం కలుగుతుందో లేదో గ్రామసభలే తేల్చాలంది. పన్నెండు గ్రామసభలూ తవ్వకానికి కాదన్నాయి. కొండకు, పెద్దలకు జవాబు చెప్పుకోవాలన్న పాత నీతికి రాజ్యాంగపు విలువ దొరికిన సందర్భం అది.

ఇంత దూరం చూశాక తేలేది ఇది. నమ్మకం మంచిదా చెడ్డదా అన్నది అందులో స్వర్గనరకాలు ఉన్నాయా లేవా అన్నదాని మీద ఆధారపడలేదు. తప్పు చేసినవాణ్ణి ఎవరి ముందు నిలబెడుతుందన్నదే అసలు తేడా. పాత నీతి అతన్ని కులం ముందు, పితరుల ముందు నిలబెట్టింది. అతిథి బతికాడు, చిల్లంగి నింద పడ్డవాడు చచ్చాడు. కొత్త నీతి అతన్ని ఒంటరిగా దేవుడి ముందు నిలబెట్టింది. వాడు భయం నుంచి, అప్పు నుంచి, వెలి నుంచి బయటపడ్డాడు. కానీ దేవుడు క్షమించాడు కదా అని నష్టపోయినవాడి గడప తొక్కకుండా తప్పించుకునే వీలూ దొరికింది. సువార్తలోని జక్కయ్య అలా తప్పించుకోలేదు. అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగింతలు తిరిగి ఇస్తానన్నాకే ఆ ఇంటికి రక్షణ వచ్చింది. తెగను ముంచే అప్పు పాపమన్న కోందు పెద్దలకు ఆ కథ విడమరచి చెప్పనక్కర్లేదు. గురుమాయినైనా పాస్టరునైనా మన్యం అడగాల్సింది ఒక్కటే: నష్టపోయినవాడికి ఏం తిరిగి ఇప్పిస్తావు?