క్రీడాకారుని కూలి, క్రీడాకారుని స్వేచ్ఛ

అమెరికా దేశమున బాస్కెట్‌బాల్ ఆటగాండ్రకు ముట్టుచున్న ధనమును గూర్చి పత్రికలలో చదివినపుడు మనవారికి మొదట కలుగునది ఆశ్చర్యము. వెనువెంటనే కలుగునది కోపము. 2024 లో బోస్టను జట్టు తన ఆటగాడగు జేసన్ టేటమ్ ఒడంబడికను అయిదేండ్లకు పొడిగించుచు, సుమారు 31 కోట్ల 40 లక్షల డాలర్లిచ్చుటకు ఒప్పుకొనెను. మఱుసటి యేడు ఓక్లహోమా జట్టు షే గిల్జస్ అలెగ్జాండరునకు నాలుగేండ్లకు 28 కోట్ల 50 లక్షల డాలర్లు వ్రాసియిచ్చెను. మా విడపనకల్లు నల్లరేగడిలో శనగ విత్తి, మబ్బువంక చూచుచు కూర్చుండు రైతునకు ఈ లెక్క చెప్పినచో, "బంతిని బుట్టలో వేసినందుకు ఇంత సొమ్మా?" అని నవ్వును. ఆ నవ్వులో న్యాయము లేకపోలేదు. కాని ఎంత యిచ్చిరనుట ఒక ప్రశ్న. పుచ్చుకొనువానికి "ఒల్లను" అను హక్కు ఎప్పుడు వచ్చెననుట వేఱొక ప్రశ్న. చరిత్ర చదువువారికి రెండవదే ముఖ్యము. దానికి మన తెలుగువారి కథయే మంచి యుపోద్ఘాతము.

కొఠారి కనకయ్య నాయుడు 1895 లో నాగపురమున తెలుగు కుటుంబమున జన్మించెను. 1923 లో ఇందూరు ప్రభువగు తుకోజీరావు హోల్కరు ఆయనను రావించి తన సైన్యమున కాప్టెను పదవి నిచ్చెను. పిమ్మట ఆయన కర్నలాయెను. ఆయన నిజముగా చేసిన సేవ బ్యాటుతోనే. 1926 లో ఇంగ్లీషు జట్టు బొంబాయికి వచ్చినపుడు ఒక్క యిన్నింగ్సులో 153 పరుగులు చేసి, అందు పదునొకండు సిక్సర్లు కొట్టెను. 1932 లో లార్డ్సు మైదానమున భారతదేశపు మొదటి టెస్టు జట్టునకు నాయకత్వము వహించెను. ఇట్టివానికి జీతము వచ్చినది ఆటగాడను పేరున కాదు, సైనికోద్యోగి యను పేరున. ఆటకు కూలి తీసికొనుట కులీనులకు తగదని ఆ కాలపు మర్యాద. కనుక కూలికి కొలువు అను ముసుగు వేసిరి. ప్రభువు ఉదారుడైనంతకాలము ఈ యేర్పాటు సుఖముగానే సాగెను. హోల్కరు జట్టు నాలుగుమాఱులు రంజీ ట్రోఫీని గెలిచెను. అయినను అది అనుగ్రహమే గాని ఒడంబడిక కాదు.

అనుగ్రహమునకు రెండవ ముఖము 1936 లో కనబడినది. ఆ యేట ఇంగ్లండునకు పోయిన జట్టునకు నాయకుడు విజయనగర రాజకుమారుడు. ఆయనకు ధనము కలదు, పలుకుబడి కలదు. అంతకుముందు హాబ్సు, సట్‌క్లిఫ్ వంటివారిని తన ఖర్చుతో ఈ దేశమునకు రప్పించి ఆడించిన ఉత్సాహమును కలదు. మూడు టెస్టులలో ఆయన చేసిన పరుగులు మొత్తము 33. నాయుడుగారు ఆయన క్రింద ఆడవలసివచ్చెను. లాలా అమరనాథును మొదటి టెస్టునకు ముందే క్రమశిక్షణ పేరిట ఇంటికి పంపివేసిరి. ఆటగాని పక్షమున ప్రశ్నించుటకు సంఘము లేదు, చూపుటకు పత్రము లేదు. తెలుగు రాజకుమారుని పేరు, తెలుగు క్రీడాకారుని పేరు ఒకే పుటలో ఇట్లు ఎదురెదురుగా నిలుచుట మనకు వినోదము కాదు, పాఠము. ఆ పర్యటనలోనే ఓవలు మైదానమున, దెబ్బ తగిలియు వెనుదీయక నాయుడుగారు చేసిన 81 పరుగులే ఆయన టెస్టు జీవితమున కడపటి యిన్నింగ్సు. తరువాత ఆంధ్ర జట్టునకు, అరువదేండ్లు దాటిన పిమ్మట ఉత్తరప్రదేశ జట్టునకు గూడ ఆయన ఆడెను.

ఇక అమెరికా సంగతి. అచ్చట రాజులు లేరు. కనుక ఆటగాండ్రు స్వతంత్రులై యుందురని మనము తలపవచ్చును. అది పొరపాటు. 1891 లో జేమ్సు నైస్మిత్ అను ఉపాధ్యాయుడు చలికాలమున బాలురకు వ్యాయామముగా కనిపెట్టిన యీ యాట, 1946 నాటికి పెద్ద పట్టణములలో టిక్కెట్టు వ్యాపారమాయెను. ఆటగానితో జట్టు యజమాని వ్రాయించుకొను పత్రమున ఒక షరతుండెడిది. ఏడాది గడువు ముగిసినను ఆటగాడు వేఱొక జట్టునకు పోరాదు. అతని హక్కు పాత యజమానిదే. యజమాని మాత్రము అతనిని అమ్మవచ్చును, మార్చుకొనవచ్చును.

ఈ షరతును చదివినపుడు నాకు మా ప్రాంతపు జీతగాండ్రు జ్ఞప్తికి వచ్చిరి. కూతురి పెండ్లికో, కరవు యేట గింజలకో కొంత సొమ్ము ముందుగా తీసికొని, ఆ యప్పు తీఱువఱకు ఒకే యింట పశువులను కాచుచు, మడక దున్నుచు, ఏడాది తరువాత ఏడాది గడిపినవారు రాయలసీమలో ఎందఱో యుండిరి. లెక్క యజమాని చేతిలో. సంవత్సరము ముగియును, బాకీ ముగియదు. బోస్టను ఆటగానికి కడుపు నిండియుండెను, వీరికి లేకుండెను. ఈ భేదము చిన్నది కాదు, దానిని మఱచి పోల్చుట పాపము. కాని "గడువు తీఱినను కదలరాదు" అను ముడి రెండింటను ఒక్కటే. విచిత్రమేమనగా ఆ రెండు ముళ్లును ఒకే యేట చట్టరీత్యా విప్పబడినవి. వెట్టిచాకిరి రద్దు శాసనము మన పార్లమెంటున చట్టమైనది 1976 లో. అమెరికా బాస్కెట్‌బాల్ ఆటగాండ్ర వ్యాజ్యము పరిష్కారమైనదియు 1976 లోనే. ఒకదానికొకటి కారణము కాదు.

ఆ వ్యాజ్యము ఊరక పుట్టలేదు. 1954 లో బాబ్ కౌజీ అను ఆటగాడు సంఘము స్థాపించెను. యజమానులు మొదట దానిని లెక్కచేయలేదు. 1964 జనవరిలో బోస్టనులో మేటి యాటగాండ్రందఱును చేరిన ప్రదర్శనపు ఆట జరుగవలసియుండెను. టెలివిజనులో రాత్రివేళ దేశమంతయు చూచుటకు ఏర్పాటైనది. ఆటగాండ్రు దుస్తులు మార్చుకొను గదిలో తలుపు బిగించి కూర్చుండి, వృద్ధాప్య భరణమునకు మాట యిచ్చినగాని మైదానమునకు రామనిరి. యజమానులు బెదిరించిరి, గడియారము తిరుగుచుండెను. తుదకు లీగు అధికారి వాల్టర్ కెనడీ మాట యిచ్చెను, ఆట ఆలస్యముగా ఆరంభమాయెను. ఆ రాత్రి అందఱికంటె మిన్నగా ఆడి బహుమానము పొందినవాడు ఆస్కార్ రాబర్ట్‌సన్. నీగ్రో జాతివాడని అవమానములు పడుచు పెరిగిన ఈతడే పిమ్మట సంఘాధ్యక్షుడై 1970 లో యజమానులపై వ్యాజ్యము వేసెను. రెండు పోటీ లీగులు ఏకమై ఆటగానికి వేఱు గతి లేకుండ చేయుటను ఆ వ్యాజ్యము ఆఱేండ్లు అడ్డగించెను. ఫలితము పూర్తిగా అనుభవమునకు వచ్చుటకు మఱి పండ్రెండేండ్లు పట్టెను: 1988 లో టామ్ చేంబర్సు అనునతడు పాత జట్టునకు ఏ పరిహారమును లేకుండ, తన యిష్టము చొప్పున సియాటిల్ విడిచి ఫీనిక్సునకు పోయెను.

పోగలిగిన వానిని నిలుపుకొనవలెనన్న ధనమే మార్గము. ఒడంబడికలు పొడిగించుట యను పద్ధతి ఇచ్చటనే బలపడినది. 1983 లో యజమానులు, సంఘము కూడి జట్టు జీతములకు ఒక గరిష్ఠ పరిమితి విధించుకొనిరి. 1984-85 లో అది 36 లక్షల డాలర్లు. తన సొంత ఆటగానిని నిలుపుకొనుటకు మాత్రము జట్టు ఆ పరిమితిని దాటవచ్చునని సడలించిరి. 1999 లో ఒక్కొక్క ఆటగానికి గూడ పరిమితి వచ్చెను. 2017 నుండి, గొప్ప పురస్కారములు పొంది తన జట్టులోనే నిలిచినవానికి జట్టు పరిమితిలో నూటికి 35 వంతులవఱకు ఇయ్యవచ్చును. 2025-26 లో ఆ పరిమితి 15 కోట్ల 46 లక్షల డాలర్లకు చేరినది. కారణము టెలివిజను కంపెనీలు పదునొకండేండ్లకు సుమారు 7,600 కోట్ల డాలర్ల ఒప్పందము చేసికొనుట. లీగు ఆదాయమున దాదాపు సగము ఆటగాండ్రకు పోవలెనని నియమము. కావున ఆటగాడు తీసికొనకున్నచో ఆ సొమ్ము పేదలకు చేరునని భ్రమపడరాదు. అది యజమాని పెట్టెలోనే యుండును. ఇంత వేతనము సమాజమునకు ఆరోగ్యకరమని నా మతము కాదు. పన్ను విధింపుడు, నాకు సమ్మతమే. పంపకములో కష్టజీవిని మాత్రమే నిందించుట అన్యాయము.

మన దేశమున ఒడంబడిక వచ్చినది గాని, ఎన్నుకొను స్వేచ్ఛ సగమే వచ్చినది. 2008 లో క్రికెట్ లీగు ఆరంభమైనపుడు ఆటగాండ్రను బహిరంగముగా వేలము వేసిరి. మన హైదరాబాదు జట్టగు దక్కన్ చార్జర్సు ఆండ్రూ సైమండ్సును 13 లక్షల 50 వేల డాలర్లకు పాడుకొనెను. వి.వి.యస్. లక్ష్మణు మాత్రము జట్టులో అందఱికంటె ఎక్కువ వేతనము తెచ్చు ప్రత్యేక హోదాను తానై వదలుకొని, వేలములో జట్టునకు ధనము మిగులునట్లు చేసెను. ఆ జట్టు 2009 లో విజేతయైనది. ఈ వేలములో ధర ఎంతయైనను, నేను ఈ జట్టుననే ఆడెదనని చెప్పు వీలు ఆటగానికి లేదు.

మా పొరుగు జిల్లాయగు కడప నుండి వచ్చిన శ్రీచరణి కథ ఈ రెండు కాలములను కలుపుచున్నది. ఆమెను మహిళల లీగులో ఢిల్లీ జట్టు 55 లక్షల రూపాయలకు తీసికొనెను. 2025 నవంబరులో భారత స్త్రీలు ప్రపంచకప్పు గెలిచినపుడు ఆమె ఆ జట్టులో నుండెను. రాష్ట్ర ప్రభుత్వము రెండున్నర కోట్ల రూపాయలు, ఇంటి స్థలము, గ్రూపు-1 ఉద్యోగము ప్రకటించెను. ఆదరము మెచ్చదగినదే. అయినను కొలువు రూపమున ఇచ్చు ఆ సన్మానములో ఇందూరు దర్బారు ఛాయ నాకు కనబడుచున్నది. ఆ నెలలోనే ఢిల్లీ జట్టు తొలుత ఆమెను నిలుపుకొనక విడిచి, వేలములో ఒక కోటి 30 లక్షలకు మరల తీసికొనెను. ధర రెట్టింపునకు మించినది. వేఱొక జట్టు ఇంకొక లక్ష ఎక్కువ పాడి, ఢిల్లీ ఊరకున్నచో ఆమె అచ్చటికే పోవలసియుండెడిది. ఆ గదిలో ఆమెనడుగువారు లేరు.