డబ్లిన్‌కు వచ్చినవారు

కాలిఫోర్నియా రాష్ట్రమున అమడార్ లోయయందలి డబ్లిన్ పట్టణమున తెలుగు కుటుంబములు బహుళముగా కాపురముండుట నేడు ఎల్లరెఱిగినదే. కాని ఆ యూరికి ఆ పేరు కలుగుటకు కారకులైన ఐరిష్ వారును ఒకానొకప్పుడు అమెరికాలో తిరస్కారమునకు గురియైన వలసజనులే యన్న సంగతి అంతగా ప్రచారమున లేదు. మెక్సికో ప్రభుత్వమువలన ఈ భూములను పొందిన హోసే మరియా అమడార్ వద్ద మైకేల్ మర్రే, జెరమయా ఫాలన్ అను ఐరిష్ బంధువులు 1850 ప్రాంతమున నేల కొని పశుపోషణమును సేద్యమును ఆరంభించిరి.

ఈ ఐరిష్ కాథలికులు పోపునకే విధేయులనియు, వీరివలన దేశము చెడుననియు ఘోషించిన 'నో నథింగ్' పక్షము 1855లో కాలిఫోర్నియా గవర్నరు పదవినే గెలుచుకొనెను. ఆ పిమ్మట నాలుగేండ్లకు, 1859లో, డబ్లిన్‌లో సెయింట్ రేమండ్ దేవాలయము లేచినది. తెల్లని చెక్కగోడలతో నేటికిని నిలిచియున్న ఆ చిన్న కట్టడపు పైకప్పునుండి పని చేయుచునే జారిపడి మరణించిన టామ్ డోన్లన్ అచ్చటి శ్మశానవాటికలో పూడ్చబడెను. ప్రక్కనున్న వీధికి నేడు డోన్లన్ పేరే చెల్లుచున్నది.

నన్ను మిక్కిలి బాధించు ఘట్టము దీని తరువాతిది. 1877లో శాన్ ఫ్రాన్సిస్కోలో చీనావారిని వెడలగొట్టుడని కార్మికులను రెచ్చగొట్టిన డెనిస్ కియర్నీ స్వయముగా ఐర్లండున పుట్టినవాడు. సియెర్రా కొండలు తొలిచి రైలుమార్గము వేసిన ఆ చీనావారికే 1882 శాసనము ద్వారములు మూసివేసెను. వచ్చినవాడు కూలి తగ్గించునన్న భయమే దీనికంతటికి మూలము. అతడు తినునది, కట్టునది, కొనునది మరియొకనికి పని కల్పించునన్న మాట ఆ భయమునకు వినబడదు.

భారతీయుల వంతు పిదప వచ్చినది. 1923లో భగత్ సింగ్ థిండ్ వ్యాజ్యమున సుప్రీం కోర్టు భారతీయులు పౌరసత్వమునకు అనర్హులని తీర్పు చెప్పెను. భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు ఆ ప్రాంతముననే బోస్టనులో అడుగిడెను. ఆయన నాయకత్వమున లెడర్లీ ప్రయోగశాలలో వెలువడిన హెట్రజాన్ ఔషధమే బోదకాలు నివారణకై మన గోదావరి మండలములలో ఇంటింట పంచిపెట్టబడినది. అచ్చటనే వెలువడి క్యాన్సరునకు వాడబడు మెథోట్రెక్సేటు అమెరికను పిల్లల ప్రాణములను సైతము నిలిపెను. 1946 శాసనము ఏటికి నూర్గురు భారతీయులకు చోటిచ్చెను. సుబ్బారావు పౌరుడు కాకయే 1948లో కన్నుమూసెను.

1965 శాసనము జాతిభేదమును తొలగించిన పిమ్మట, విశేషించి 1990లో హెచ్-1బి వీసా ఏర్పడిన పిమ్మట, మన ఇంజనీర్లు సిలికాన్ లోయకు తరలివచ్చిరి. 1997లో బార్ట్ రైలు డబ్లిన్‌ను చేరెను. 2000లో ముప్పదివేలున్న జనసంఖ్య 2020 నాటికి డెబ్బది రెండువేలు దాటెను. పొరుగున లివర్‌మోర్‌లో శివవిష్ణ్వాలయము అంతకు మునుపే వెలసియుండెను. ఉద్యోగములు హరించుచున్నారన్న నింద మాత్రము మన ఇంజనీర్లకును తప్పలేదు. పన్నులు చెల్లించి, ఇండ్లు కొని, పిల్లలను ఇచ్చటి బడులలో చదివించుకొనుచున్న వీరు, ఏ దేశమునకును ఏడు శాతమునకు మించరాదను నిబంధనచే గ్రీన్‌కార్డునకై దశాబ్దములు వేచియుండవలసి వచ్చుచున్నది. పసితనమున తల్లిదండ్రుల వెంట వచ్చిన బిడ్డ ఇరువదియొక్క యేండ్లు నిండగనే వారి వీసా ఆశ్రయమును కోల్పోవుచున్నది. బిడ్డల ఆశ్రయమును తీసివేయు ఈ నిబంధనను ముందుగా సవరింపవలెను.