యోగం: సంప్రదాయం, ప్రయోగం, బోధన

1955లో భారత, సోవియట్ ప్రభుత్వాల మధ్య కుదిరిన ఒప్పందంతో భిలాయిలో ఉక్కు కర్మాగారానికి అంకురార్పణ జరిగింది. 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి డాక్టర్ రాజేంద్రప్రసాద్ తొలి బ్లాస్ట్ ఫర్నేసును ప్రారంభించారు. దాని చుట్టూ వెలసిన టౌన్‌షిప్పులో తెలుగు, బెంగాలీ, మలయాళీ, ఛత్తీస్‌గఢీ కుటుంబాలు పక్కపక్క క్వార్టర్లలో కాపురముంటున్నాయి. ఇలాంటి ఊళ్లో యోగా నేర్పేవారికి ఒక ప్రశ్న తప్పదు. యోగం వ్యాయామమా, వైద్యమా, మతమా? ఈ ప్రసంగంలో దానికి చరిత్ర నుంచి సమాధానం వెతుకుదాం.

పతంజలి యోగసూత్రాలు మొత్తం 195. వాటిలో ఆసనం గురించి నేరుగా చెప్పినవి మూడే. ఆసనం స్థిరంగా, సుఖంగా ఉండాలన్నది వాటి సారాంశం. అష్టాంగాలలో మొదటివి యమనియమాలు. అహింస, సత్యం, అస్తేయం, బ్రహ్మచర్యం, అపరిగ్రహం అనే ఐదు యమాల తరువాతే మిగతావన్నీ. శరీరాన్ని ప్రధాన సాధనంగా చేసుకున్న హఠయోగ గ్రంథాలు ఆ తరువాతి శతాబ్దాలలో వచ్చాయి. 15వ శతాబ్దానికి చెందిన స్వాత్మారాముని హఠయోగ ప్రదీపిక 15 ఆసనాలను వర్ణించింది.

17వ శతాబ్దంలో శ్రీనివాసభట్టు రచించిన హఠరత్నావళి 84 ఆసనాలకూ పేర్లు చెప్పింది. రచయిత తండ్రి పేరు తిమ్మయ. ఈ గ్రంథాన్ని 1982లో తూర్పు గోదావరి జిల్లా అర్థమూరు నుంచి ఎం. వెంకటరెడ్డి పరిష్కరించి ప్రచురించారు. స్వాత్మారాముడు శుద్ధిక్రియలు ఆరని చెబితే, శ్రీనివాసభట్టు ఎనిమిదని చెప్పి, పూర్వ గ్రంథంతో కొన్నిచోట్ల విభేదించాడు. అంటే పెద్దలు చెప్పినదాన్ని పరీక్షించి చూడడం మన సంప్రదాయంలోనే ఉంది. అది బయటి నుంచి వచ్చిన అలవాటు కాదు.

మన వేమన మరింత సూటిగా మాట్లాడాడు. ఆసనాలు వేసి ఒళ్లు విరుచుకోవడమే యోగమనుకుంటే, అది పహిల్వాను చేసే సాము పాటి కూడా చేయదని ఎత్తిపొడిచాడు. మనసు మారని సాధన ఆయన దృష్టిలో యోగం కాదు.

ఈ మాటకు 20వ శతాబ్దంలో కొత్త అర్థం వచ్చింది. 1933లో మైసూరు జగన్మోహన ప్యాలెస్‌లో తిరుమల కృష్ణమాచార్య యోగశాల నడపడం మొదలుపెట్టారు. ఆనాటి వ్యాయామశాలల ప్రభావం అక్కడి బోధన మీద ఎంత ఉందన్నది పండితులు నేటికీ చర్చిస్తున్న విషయం. ఆయన శిష్యులు బి.కె.ఎస్. అయ్యంగార్, పట్టాభి జోయిస్, రీగాలో పుట్టిన ఇంద్రాదేవి ఆ విద్యను ప్రపంచానికి చేర్చారు. కాబట్టి నేటి ఆసన తరగతిలో ప్రతిదీ వేల ఏళ్లనాటిదని చెప్పడం సరికాదు. అలాగని అది నిన్న మొన్న పుట్టిందనడమూ సరికాదు.

యోగాన్ని ప్రయోగశాలకు తెచ్చినవారిలో స్వామి కువలయానంద ముఖ్యులు. 1924లో లోనావ్లాలో కైవల్యధామాన్ని స్థాపించి, ఎక్స్‌రేలతో, పీడనమాపకాలతో ఉడ్డియాన, నౌళి క్రియలను పరిశీలించారు. నౌళి చేసేటప్పుడు పెద్దపేగులో పీడనం బయటి గాలి పీడనం కంటే తగ్గుతుందని కొలిచి చూపారు.

భిలాయిలో ఉక్కు తీసిన సోవియట్ స్నేహం యోగాన్ని అంతరిక్షానికీ తీసుకువెళ్లింది. హైదరాబాదులో చదువుకున్న రాకేశ్ శర్మ 1984 ఏప్రిల్ 3న సోయుజ్ టి-11 నౌకలో బయలుదేరి, సల్యూత్-7 కేంద్రంలో యోగాభ్యాసం చేశారు. భారరహిత స్థితికి శరీరం అలవాటు పడడానికి యోగం తోడ్పడుతుందా అని చూడడం దాని ఉద్దేశం. అయితే ఒక్క వ్యక్తి మీద జరిగిన పరిశీలన నుంచి సార్వత్రిక నియమం తీయలేం. విద్యార్థులకు ఆ సాహసంతో పాటు ఈ పరిమితినీ చెప్పాలి.

తరగతుల్లో తరచు వినిపించే ఒక మాటను పరీక్షిద్దాం. ప్రాణాయామం వల్ల రక్తంలోకి ఎంతో ఎక్కువ ఆక్సిజన్ చేరుతుందంటారు. కాని ఆరోగ్యవంతుని ధమని రక్తంలోని హీమోగ్లోబిన్ మామూలు శ్వాసలోనే 95 నుంచి 99 శాతం వరకు ఆక్సిజన్‌తో నిండి ఉంటుంది. ఇక పెరగడానికి చోటు చాలా తక్కువ. మరి నెమ్మదైన శ్వాస వల్ల ప్రయోజనం లేదా? ఉంది. 2001లో ఇటలీకి చెందిన లూచియానో బెర్నార్డి బృందం 23 మందిని పరిశీలించింది. లాటిన్ జపమాల ప్రార్థన చేసినా, యోగమంత్రం జపించినా శ్వాస నిమిషానికి దాదాపు ఆరుసార్లకు తగ్గింది. రక్తపీడనాన్ని సరిదిద్దే నాడీ ప్రతిచర్య మెరుగుపడింది. అంటే ఫలితం నిజమే, మనం చెప్పుకుంటున్న కారణమే తప్పు. వేర్వేరు మతాల రెండు జపాలు ఒకే శ్వాసలయకు చేర్చాయన్నది కూడా గమనించదగ్గ సంగతి.

ఇప్పుడు మొదటి ప్రశ్నకు తిరిగి వద్దాం. 2014 డిసెంబరు 11న ఐక్యరాజ్యసమితి జూన్ 21ని అంతర్జాతీయ యోగా దినంగా ప్రకటించింది. గౌరవం ఇంతగా పెరిగినప్పుడు బోధకుని బాధ్యతా పెరుగుతుంది. యమాలను ముందు శిష్యునికి కాక తనకు తాను వర్తింపజేసుకోవాలి. రుజువు కాని వైద్యఫలితాలను వాగ్దానం చేయకపోవడం సత్యం. నైట్ షిఫ్ట్ దిగి వచ్చిన, అధిక రక్తపోటు ఉన్న కార్మికుని చేత పట్టుబట్టి శీర్షాసనం వేయించకపోవడం అహింస. ఏది పతంజలిది, ఏది హఠయోగులది, ఏది మైసూరు బడిదో చెప్పి నేర్పడం అస్తేయం. ఎవరి ప్రార్థననూ ఎవరి మీదా రుద్దకుండా, మంత్రం వద్దనుకున్నవారిని మౌనంగా కూర్చోనివ్వడం కూడా అహింసలో భాగమే.

దర్శనాన్ని వదిలేస్తే మిగిలేది వేమన ఎగతాళి చేసిన సాము. పరీక్షను వదిలేస్తే మిగిలేది నమ్మకం మాత్రమే. ఈ రెంటినీ కలిపి నేర్పగలిగిన గురువు చేతిలో యోగం అన్ని క్వార్టర్లవారికీ పనికివచ్చే విద్య అవుతుంది.