విత్తని సార్వా: 2011 కోనసీమ పంట విరామంలో ధర, మురుగు, ప్రభుత్వ బాధ్యత

వ్యాస సంగ్రహం

2011 సార్వా (ఖరీఫ్)లో కోనసీమ రైతులు పాటించిన పంట విరామాన్ని గిట్టుబాటు ధర కోసం జరిగిన ఆందోళనగానే ఎక్కువమంది చూశారు. 2008 ప్రపంచ ఆర్థిక సంక్షోభానికి అటూ ఇటూ ఆహార ధరలను అదుపు చేయడానికి ప్రభుత్వాలు ఎంచుకున్న దారి మీద వచ్చిన ఆగ్రహంగా ఈ వ్యాసం దాన్ని పరిశీలిస్తుంది. నీరూ మురుగూ ధరా ప్రభుత్వం చేతిలోనే ఉన్న డెల్టాలో రైతు కోపం వ్యాపారిని దాటి పాలకుల మీదికి వెళ్లింది. అయితే చేనును బీడు పెట్టగల స్తోమత అందరికీ లేదు. ఉద్యమం బలమూ హద్దూ ఈ రెండు విషయాల్లోనే ఉన్నాయన్నది ఇక్కడి ప్రతిపాదన.

1. ఎగువ చేను, దిగువ చేను

1852లో తొలి ఆనకట్ట పూర్తయిన ధవళేశ్వరం నుంచి గోదావరి నీరు బొబ్బర్లంక దగ్గర మధ్య డెల్టాలో అడుగుపెడుతుంది. గౌతమి, వసిష్ఠ పాయల నడుమ ఆత్రేయపురం, రావులపాలెం, కొత్తపేట ఎగువ కొసన ఉన్నాయి. ఇక్కడ వరితోపాటు కొబ్బరి, లంకల్లో అరటి పండుతాయి. ఒక పంట దెబ్బతింటే మరొకటి కొంత ఆదుకుంటుంది.

దిగువన అల్లవరం, ఉప్పలగుప్తం, కాట్రేనికోన మండలాల పరిస్థితి వేరు. సముద్రపు పోటుకు మురుగు వెనక్కి తంతుంది. సముద్రంలో కలిసే మొగలు ఇసుకతో మూసుకుపోతాయి, డ్రెయిన్లలో గుర్రపుడెక్క పేరుకుంటుంది. ఊడ్పులయ్యాక ముసురు పట్టిందంటే నాట్లు కుళ్లి, మళ్లీ ఆకుమడి పోసుకోవాల్సిందే. పంట విరామం గట్టిగా సాగింది ఈ తీర మండలాల్లోనే.

ఇంతమాత్రాన దీన్ని ముంపు సమస్యగా తేల్చేస్తే పొరపాటు. ముంపు బాధ ప్రధానంగా దిగువవాళ్లది, ధర బాధ అందరిదీ. కాటా మీదికెక్కిన డెబ్బై అయిదు కిలోల బస్తా కొత్తపేటదా కాట్రేనికోనదా అని ఎవరూ అడగరు. ఎగువ రైతు చేను వదలకపోయినా దిగువ రైతు కోపాన్ని తన కోపంగానే అర్థం చేసుకోవడానికి ఈ ధరే కారణం.

2. సంక్షోభం భారం ఎవరి మీద పడింది?

2007 అక్టోబరులో కేంద్రం బాస్మతియేతర బియ్యం ఎగుమతులను కట్టడి చేసింది. 2008 ఏప్రిల్‌లో నిషేధాన్ని బిగించింది. ఆ వేసవిలో థాయిలాండ్ బియ్యం టన్ను వెయ్యి డాలర్లు దాటింది. ప్రపంచమంతా బియ్యానికి ఎగబడుతున్న సమయంలో మన రైతుకు ఆ తలుపు మూసుకుంది. అదే ఏడాది సెప్టెంబరులో అమెరికా పెట్టుబడి బ్యాంకు లేమన్ బ్రదర్స్ కూలింది. డిసెంబరు నుంచి ఉద్దీపనల పేరిట పరిశ్రమలకు ఎక్సైజ్ సుంకం తగ్గింపులు వచ్చాయి. 2010-11 నాటికి దేశ వృద్ధిరేటు 8 శాతం దాటి, మాంద్యం ముగిసిందన్న మాట వినిపించింది. ఆహార ధరలు మాత్రం మండుతూనే ఉన్నాయి. వాటిని దించే ప్రయత్నంలో ఎగుమతి నిషేధం 2011 సెప్టెంబరు దాకా కొనసాగింది.

మద్దతు ధరల పట్టిక కూడా ఇదే చెబుతుంది. 2009-10లో సాధారణ రకం ధాన్యానికి క్వింటాలు 950 రూపాయలు, బోనస్ 50 కలిపి వెయ్యి. 2010-11లో ప్రకటించిన ధర కూడా వెయ్యే. కాగితం మీద 50 పెరిగింది, రైతు చేతికి పైసా పెరగలేదు. అప్పుడే, 2010 ఏప్రిల్ 1 నుంచి, పోషకాల ఆధారంగా రాయితీ ఇచ్చే పద్ధతి అమలులోకి వచ్చి, యూరియా తప్ప మిగతా ఎరువుల ధర నిర్ణయించే వీలు కంపెనీలకు దక్కింది. అంటే అమ్మే సరుకు ధరను ప్రభుత్వం కట్టడి చేసింది, కొనే సరుకు ధరను వదిలేసింది.

దీనికి తోడు లెవీ. మిల్లరు ఆడించిన బియ్యంలో సింహభాగం అప్పట్లో ప్రభుత్వానికి అప్పగించాల్సి వచ్చేది. గోదాముల్లో చోటు లేకపోతే మిల్లరు కొనుగోలు తగ్గించేవాడు, కళ్లంలో ధాన్యం ఆగిపోయేది. 2010 నవంబరు జల్ తుఫాను, డిసెంబరు వర్షాల తర్వాత రంగు మారిన ధాన్యం ప్రభుత్వ నాణ్యతా ప్రమాణాల్లో ఇమడలేదు. మద్దతు ధర ప్రకటనకే పరిమితమై, అంతకు తక్కువకు తెగనమ్ముకోవాల్సిన పరిస్థితి వచ్చింది.

3. విత్తకపోవడంలోని తర్కం

రాస్తారోకో చేస్తే ఒక పూట రాకపోకలు ఆగుతాయి. విత్తడం మానేస్తే బియ్యం మీద నిలబడ్డ రాజకీయానికే తగులుతుంది. 1983లో రెండు రూపాయల బియ్యంతో మొదలైన సంప్రదాయంలో, కిరణ్ కుమార్ రెడ్డి ప్రభుత్వం 2011 నవంబరు 1న రూపాయికి కిలో బియ్యం పథకాన్ని ప్రారంభించింది. అదే సార్వాలో కోనసీమలో వేలాది ఎకరాలు బీడుగా ఉన్నాయి. చవక బియ్యం ఖర్చు ఖజానాదా, పండించేవాడిదా అన్న ప్రశ్నను ఆ బీళ్లు జనం ముందు పెట్టాయి. మాజీ ప్రధాన కార్యదర్శి మోహన్ కందా అధ్యక్షతన ప్రభుత్వం కమిటీ వేయక తప్పలేదు. స్వామినాథన్ కమిషన్ చెప్పినట్టు సాగు ఖర్చుకు యాభై శాతం కలిపి ధర ఇవ్వాలన్న డిమాండు ఊరి రచ్చబండ దాకా వచ్చింది.

డెల్టాకు ఈ అనుభవం కొత్త కాదు. 1930ల మహామాంద్యంలో ధాన్యం ధర కుప్పకూలినా శిస్తు రూపాయల్లోనే కట్టాల్సి వచ్చింది. బర్మా బియ్యం దిగుమతులు, రూపాయికి 18 పెన్స్ మారకపు రేటు వంటి పాలనా నిర్ణయాల మీదే అప్పటి విమర్శ కూడా గురిపెట్టింది. ఎన్.జి. రంగా వంటివారి నాయకత్వంలో రైతు సంఘాలు బలపడ్డాయి. ఊరట చివరికి 1938 మద్రాసు వ్యవసాయదారుల రుణ విముక్తి చట్టం రూపంలో వచ్చింది. 2008లోనూ కేంద్రం రుణమాఫీనే ఎంచుకుంది. రెండు కాలాల్లోనూ ప్రభుత్వం ధర దగ్గర బిగబట్టి అప్పు దగ్గర సడలించింది. అప్పు మాఫీ పాత నష్టాన్ని తుడుస్తుంది, మరుసటి పంట నష్టాన్ని ఆపదు.

4. ఎవరి విరామం?

కొబ్బరి తోటో, పట్నంలో ఉద్యోగమో ఉన్న భూయజమాని ఒక సార్వా వదులుకోగలడు. బస్తాల లెక్కన మక్తా కట్టే కౌలుదారుకు ఆ వెసులుబాటు లేదు. ఊడ్పులు, కోతల కూలితో ఏడాది గడిపే వ్యవసాయ కార్మికురాలికి విరామమంటే పనిదినాలు పోవడమే. ఉపాధి హామీ పథకాన్ని సాగు పనులకు అనుసంధానించాలని రైతులు కోరారు. 2011 జనవరిలో రాష్ట్రంలో ఉపాధి కూలి 121 రూపాయలైంది. యజమాని దాన్ని ఖర్చు కింద రాసుకున్నాడు, కూలికి అది బేరమాడే బలం. ఒకే ఉద్యమంలో ఈ రెండు లెక్కలు కలవలేదు.

రుణమాఫీ బ్యాంకు పుస్తకం ఉన్నవాళ్లకే అందింది. కౌలుదారులకు రుణార్హత కార్డులిచ్చే చట్టం రాష్ట్రంలో 2011లోనే వచ్చింది. దాని స్థానంలో 2019లో వచ్చిన పంట సాగుదారుల హక్కుల చట్టం యజమాని అంగీకారాన్ని తప్పనిసరి చేసింది. మాటమీద నడిచే కౌలుకు సంతకం ఎక్కడి నుంచి వస్తుంది?

5. ఉపసంహారం

2011 సెప్టెంబరులో ఎగుమతులకు దారి తెరుచుకుంది. 2012-13లో సాధారణ రకం మద్దతు ధర 1,080 నుంచి 1,250 రూపాయలకు పెరిగింది. ఇవి దేశమంతటికీ వర్తించే నిర్ణయాలు, కోనసీమ ఒక్కదాని విజయంగా వీటిని చెప్పలేం. స్థానికంగా మిగిలిన మురుగు, సకాలంలో చెల్లింపు, కౌలు గుర్తింపు మాత్రం తెమలలేదు. అందుకే 2022 సార్వా ముందు తీర మండలాల్లో పంట విరామం మాట మళ్లీ వినిపించింది. దాళ్వా (రబీ) ధాన్యం డబ్బులు అందకపోవడం, డ్రెయిన్లు బాగుచేయకపోవడం అప్పటి ప్రధాన ఫిర్యాదులు.

దీన్నిబట్టి ఒక కొలమానం ప్రతిపాదించవచ్చు. సంక్షోభ సమయంలో ప్రభుత్వ పనితీరును వృద్ధిరేటుతోనో మద్దతు ధర అంకెతోనో తూచడం చాలదు. ధరలు దించే భారం ఎవరి నెత్తిన పెట్టారు, వాళ్లకు తిరిగి ఏమిచ్చారు అన్నది చూడాలి. డ్రెయిన్ల పూడికతీత పద్దు, ధాన్యం సొమ్ము చెల్లింపు గడువు, కౌలుదారు పేరు కూడా ధరలో భాగాలే. వీటిని వదిలేసి క్వింటాలుకు వంద పెంచితే కొత్తపేట రైతు సర్దుకుంటాడేమో గాని, కాట్రేనికోన కౌలుదారు సర్దుకోలేడు.