చేలోని కలుపు కూరలు: ఏది కోయాలి, ఎక్కడ కోయకూడదు

వానాకాలం మొదటి కలుపు తీసేటప్పుడు గట్టు మీద పారేసే మొక్కల్లో మంచి ఆకుకూరలు చాలానే ఉంటాయి. సంగారెడ్డి జిల్లా పస్తాపూర్ కేంద్రంగా పనిచేసే డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ (డీడీఎస్) మహిళా సంఘాల రైతులు వీటిని కలుపుగా చూడరు, సాగు చేయని పంటగా లెక్కిస్తారు. జొన్న, కంది, కొర్ర కలిపి వేసి, మందు కొట్టని చెలకల్లో ఇవి వాటంతట అవే మొలుస్తాయి. విత్తనం కొనే పని లేదు, నీరు పెట్టే పని లేదు.

అయితే జహీరాబాద్ చెలకలకు చెల్లిన మాట ముత్తంగి, ఇస్నాపూర్, పాశమైలారం చుట్టుపక్కల అన్ని చోట్లా చెల్లదు. ఇక్కడ ముందు చోటు చూడాలి, ఆ తర్వాతే ఆకు చూడాలి.

ఎక్కడ కోయకూడదు

• నక్కవాగు, ఇసుకవాగు ఒడ్డున, ఫ్యాక్టరీల నీరు పారే కాలువల పక్కన, ఆ నీరు ఎక్కిన పొలాల్లో కోయవద్దు. పటాన్‌చెరు పారిశ్రామిక ప్రాంతపు నేలల్లో భారలోహాలు ఎక్కువగా ఉన్నాయని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ (ఎన్‌జీఆర్‌ఐ) శాస్త్రవేత్తలు 2001లోనే ప్రచురించారు. సీసం, ఆర్సెనిక్ వంటివి వేరు ద్వారా ఆకులోకి చేరితే కడిగినా పోవు, ఉడికించినా పోవు. ఆకు ఎంత పచ్చగా, ఏపుగా ఉన్నా నమ్మవద్దు.
• జాతీయ రహదారికి, అవుటర్ రింగ్ రోడ్డుకు ఆనుకొని ఉన్న చోట్ల, చెత్తకుప్పల మీద మొలిచినవి వద్దు.
• కలుపు మందు కొట్టిన మొక్కజొన్న, పత్తి చేలలో ఆ పంటకాలమంతా కోయవద్దు. పక్క చేనువారు ఎప్పుడు కొట్టారో, గాలి ఎటు వీచిందో అడిగి తెలుసుకోండి.

సాయిల్ హెల్త్ కార్డులో చూసే 12 అంశాల్లో సీసం, ఆర్సెనిక్ ఉండవు. కాబట్టి కార్డు బాగుందని వాగు ఒడ్డు నేలను మంచిదనుకోవద్దు.

కోసుకోదగిన కూరలు

దొగ్గలి కూర: తోటకూర జాతి. పూత రాకముందు లేత కొసలు తుంచాలి. వేపుడుకూ, పప్పుకూ బాగుంటుంది.

గునుగు కూర: లేతగా ఉన్నప్పుడే తినాలి. ఒక ఉడుకు రానిచ్చి, ఆ నీరు పారబోసి వండాలి. గట్టు మీద కొన్ని మొక్కలు వదిలితే బతుకమ్మకు పువ్వు దొరుకుతుంది.

గంగవాయిలి కూర: దళసరి ఆకు, ఎర్రటి కాడ, పులుపు రుచి. పెసరపప్పుతో కలిపి వండుతారు.

తుమ్మి కూర: కాస్త చేదు. వినాయక చవితికి పప్పులో వేసి వండే కూర ఇదే.

పొన్నగంటి కూర: తడి చోట్ల పెరుగుతుంది. అందుకే బోరు నీళ్ల కాలువ పక్కనైతే సరే, మురుగు కాలువ పక్కనైతే వద్దు. బోరు నీటికి రంగు, వాసన ఉంటే అక్కడ కూడా మానుకోవాలి.

పోలికతో మోసపోవద్దు

గంగవాయిలిలాగే నేల మీద పాకే పాల మొక్కలు కొన్ని ఉన్నాయి. కాడ విరిచి చూడండి. తెల్లటి పాలు వస్తే అది గంగవాయిలి కాదు, తినకూడదు. లేత ఉమ్మెత్త మొక్క కూరాకులో కలిస్తే ప్రాణానికే ముప్పు. నోరు ఎండిపోవడం, కంటిపాప పెద్దదవడం, మతి లేకుండా మాట్లాడటం కనిపిస్తే వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి. మిగిలిన ఆకును కూడా చూపించండి. వయ్యారిభామ ఆకును ముట్టుకోవడం కూడా మంచిది కాదు. గుర్తు తెలియని ఆకును రుచి చూసి తేల్చుకోవద్దు. ఊళ్లో కలుపుకు వెళ్లే పెద్దమ్మలను అడగండి.

వండే పద్ధతి (నలుగురికి)

పావుకిలో దొగ్గలి లేదా గంగవాయిలి ఆకును మట్టి పోయేదాకా మూడు నీళ్లు మార్చి కడగాలి. అరగ్లాసు పెసరపప్పు సగం ఉడికాక ఆకు, నాలుగు పచ్చిమిర్చి, ఉప్పు, పసుపు వేయాలి. మెత్తబడ్డాక వెల్లుల్లి, జీలకర్ర, ఎండుమిర్చితో పోపు పెట్టాలి. దింపాక నిమ్మకాయ పిండితే ఆకులోని ఇనుము ఒంటికి బాగా పడుతుంది. జొన్నరొట్టెలోకి ఇది మంచి జోడీ.

ఎవరు జాగ్రత్తపడాలి

ఈ కూరల్లో, ముఖ్యంగా గంగవాయిలిలో, ఆక్సలేట్లు ఎక్కువ. కిడ్నీలో రాళ్లు ఉన్నవారు డాక్టరును అడిగే తినాలి. మిగతావారు కూడా రోజూ ఒకే కూర కాకుండా మార్చి మార్చి వండుకోవాలి.

ఈ సీజన్‌లో చేయాల్సింది

మీ పొలంలో వాగుకు, రోడ్డుకు దూరంగా, వాననీటితోనో మంచి బోరు నీటితోనో తడిసే గట్టు ఒకటి ఎంచుకోండి. దాని మీద, చుట్టూ కలుపు మందు కొట్టకండి. ఆ గట్టు మీద దొగ్గలి, గునుగు, తుమ్మి ఒక్కో చోట విత్తనం రాలేదాకా వదలండి. వచ్చే వానాకాలానికి ఇంటి కూర అక్కడే మొలుస్తుంది.