పాత బోటు మోటారుకు పెట్రోలు అందే దారి

బోటు వెనుక బిగించే అవుట్‌బోర్డ్ మోటారు నడుస్తూ నడుస్తూ ఆగిపోతే, నిప్పురవ్వ సరిగ్గా వస్తున్నట్లయితే, అనుమానించాల్సింది పెట్రోలు సరఫరాను. పాత మోటార్లలో ఈ సరఫరాకు మూడు పద్ధతులు వచ్చాయి. ఒక్కో పద్ధతికి ఒక్కో రకం జబ్బు. అందుకే మోటారు ఏ కాలం నాటిదో తెలిస్తే వెతుకులాట సగం తగ్గుతుంది.

అమెరికాలో కామెరాన్ వాటర్‌మన్ లాంటివారు ముందే ఈ తరహా మోటార్లు చేసినా, వాటికి గట్టి గిరాకీ తెచ్చినవాడు నార్వేలో పుట్టి విస్కాన్సిన్‌లో పెరిగిన ఓల్ ఎవిన్‌రూడ్. 1909లో ఆయన అమ్మకానికి పెట్టిన మోటారు శక్తి ఒకటిన్నర హార్స్‌పవర్, బరువు 62 పౌన్లు, అంటే సుమారు 28 కిలోలు. ఇలాంటి తొలి మోటార్లలో చిన్న ట్యాంకు ఇంజన్ మీదే ఉండేది. పెట్రోలు తన బరువుతో తానే కార్బురేటర్‌లోకి దిగేది. మూతలోని గాలి రంధ్రం మూసుకుపోయినా, కాక్ దగ్గరి జాలీకి నలకలు పట్టినా ధార సన్నబడి ఇంజన్ ఆగిపోతుంది. మూత వదులు చేయగానే మోటారు మళ్లీ అందుకుంటే తప్పు రంధ్రానిదే.

ఇంజన్లు పెద్దవయ్యేకొద్దీ ఆ చిన్న ట్యాంకు చాల్లేదు. 1949లో జాన్సన్ 10 హార్స్‌పవర్ మోటారుతో విడి ట్యాంకు వచ్చింది. బోటులో ఉంచే ఈ ట్యాంకుకు రెండు గొట్టాలు. క్రాంక్‌కేసు నుంచి ఒత్తిడితో వచ్చే గాలి ఒకదానిలో ట్యాంకులోకి వెళితే, ఆ ఒత్తిడికి పెట్రోలు రెండోదానిలో ఇంజన్‌కు ఎక్కుతుంది. ఇక్కడ గాలి రంధ్రం ఉండకూడదు. మూత రబ్బరు ఎండి గాలి బయటికి పోతే ఇంజన్‌కు పెట్రోలు అందదు. పెట్రోలు గొట్టం చిట్లితే ఒత్తిడికి అది బయటికి చిమ్ముతుంది. ప్రమాదకరమే గానీ, లోపం కంటికి కనిపిస్తుంది.

1960 ప్రాంతంలో ఆ పద్ధతి స్థానంలో డయాఫ్రం పంపు వచ్చింది. క్రాంక్‌కేసులో పిస్టన్ కదలికకు పుట్టే ఒత్తిడి హెచ్చుతగ్గులే పల్చని డయాఫ్రంను ఆడించి పెట్రోలును లాగుతాయి. ఇప్పుడు గొట్టం ఒకటే. దాని మధ్యలో చేత్తో నొక్కే రబ్బరు బల్బు, అందులో పెట్రోలును వెనక్కి పోనివ్వని రెండు వాల్వులు. చిక్కేమిటంటే, ఇంజన్ నడిచేటప్పుడు గొట్టానికి పగులుంటే పెట్రోలు కారదు, గాలి లోపలికి చొరబడుతుంది. లోపం కంటికి దొరకదు.

దాన్ని పట్టించేది ఆ బల్బే. బాణం గుర్తు పైకి ఉండేలా పట్టుకుని నొక్కితే కొద్దిసేపట్లో గట్టిపడాలి. మెత్తగానే ఉంటే గాలి చొరబడుతోందో, వాల్వు పాడైందో చూడాలి. నొక్కినప్పుడు ఇంజన్ వైపు గొట్టంలో ఒత్తిడి పెరుగుతుంది కనుక పగులు దగ్గర తడి తేలుతుంది. నడుస్తుండగా బల్బు చప్పిడిగా అణిగిపోతే అడ్డు ట్యాంకు వైపు ఉన్నట్లు: మూసిన గాలి రంధ్రమో, ట్యాంకు అడుగు జాలీయో, లోపలి పొర ఊడిన గొట్టమో. ఆగబోతున్న ఇంజన్ బల్బు నొక్కినంతసేపూ నడిస్తే పంపును, దాని వెనుక గాలి చొరబాటును అనుమానించాలి. నొక్కగానే కార్బురేటర్ నుంచి పెట్రోలు పొర్లితే ఫ్లోట్ సూది సరిగా మూసుకోవడం లేదు.

ఇవన్నీ సరిగ్గా ఉండీ ఇంజన్ వేగం అందుకోకపోతే మిగిలేది కార్బురేటర్. నెలల తరబడి నిల్వ ఉన్న పెట్రోలు ఆవిరై, మిగిలిన జిగురు దాని సన్నని జెట్లను మూసేస్తుంది. పెట్రోలులో కలిసే ఇథనాల్ పాత రబ్బరు భాగాలను మెత్తబరచి ఈ బెడదను పెంచుతుంది. పెట్రోలులోనే ఆయిల్ కలిపి వాడే టూ స్ట్రోక్ మోటారును ఇలా అరకొర సరఫరాతో నడపకూడదు. పెట్రోలు తగ్గితే ఆయిలూ తగ్గి పిస్టన్ పట్టేస్తుంది.