డేరాల్లో పుట్టిన అడవి పార్కు

కాలిఫోర్నియాలో శాన్‌హోజె, సన్నీవేల్ చుట్టుపక్కల ఉంటున్న మన తెలుగువాళ్లకు కొండ దాటితే బిగ్ బేసిన్ రెడ్‌వుడ్స్ స్టేట్ పార్క్. ఆ రాష్ట్రపు స్టేట్ పార్కుల్లో అన్నిటికన్నా పాతది. మామూలుగా ముందు పార్కు వెలుస్తుంది, తర్వాత జనం వచ్చి డేరాలు వేస్తారు. ఇక్కడ ముందు పడ్డవి డేరాలే.

1849 నాటి బంగారు వేటతో శాన్‌ఫ్రాన్సిస్కో చూస్తుండగానే పట్నమైపోయింది. ఇళ్లకు కలప కావాలి. చెదకూ కుళ్లుకూ తట్టుకునే రెడ్‌వుడ్ దగ్గర్లోనే ఉంది. శాంటాక్రూజ్ కొండల నిండా రంపపు మిల్లులు లేచాయి. వెయ్యేళ్లు దాటిన మానులు కూడా పలకలై తరలిపోయాయి. అంతకు చాలా ముందే, ఆ నేలను తరతరాలుగా కనిపెట్టుకుని, అదుపుగా నిప్పుపెట్టి పొదలను తగ్గిస్తూ వచ్చిన ఒలోనీ ప్రజలను స్పానిష్ మిషన్ల కాలంలో అక్కడినుంచి పెళ్లగించారు. పార్కు కథ చెబుతూ ఈ సంగతి దాటేయడం అన్యాయం.

1899లో ఆ కొండల్లో కార్చిచ్చు రేగింది. దానిమీద ఒక ఇంగ్లండ్ పత్రిక ఫొటోలు కోరడంతో శాన్‌హోజె చిత్రకారుడు, ఫొటోగ్రాఫర్ ఆండ్రూ హిల్ బయల్దేరాడు. ఫెల్టన్ దగ్గర పెద్ద చెట్ల తోపులో కెమెరా పెడితే యజమాని అడ్డుపడ్డాడు. ఇది నా సొంత స్థలం, తీసిన ప్లేట్లు ఇచ్చేయమన్నాడు. హిల్ ఇవ్వలేదు సరికదా, ఈ చెట్లు అందరివీ కావాలన్న పట్టుదలతో ఇంటికొచ్చాడు. అదే మంటల్లో ఇల్లు పోగొట్టుకున్న రచయిత్రి జోసెఫిన్ మెక్రాకిన్ కూడా చెట్లను కాపాడమని కలం పట్టింది. తన గూడు బూడిదైన రోజుల్లో అడవి గురించి ఆలోచించిన ఆ మనిషికి చేతులెత్తి మొక్కాలి.

1900 మేలో హిల్, రచయిత్రి క్యారీ స్టీవెన్స్ వాల్టర్, మరికొందరు కలిసి బిగ్ బేసిన్‌లోకి వెళ్లి డేరాలు వేసుకుని ఉన్నారు. చెట్ల మధ్య తిరిగారు, ఫొటోలు తీశారు. వాగు ఒడ్డున ఒక బండ దగ్గర కూర్చుని ‘సెంపర్వైరెన్స్ క్లబ్’ పెట్టుకున్నారు. టోపీ చాపి చందా పోగేస్తే వచ్చింది 32 డాలర్లు! మరుసటి ఏడాదే ఆ అడవిని కొనడానికి రాష్ట్ర శాసనసభ రెండున్నర లక్షల డాలర్లు మంజూరు చేసింది. 1902లో సుమారు 3,800 ఎకరాలు ప్రజల పరమయ్యాయి.

నడిచేవాళ్ల వంతు తర్వాత వచ్చింది. 1969లో వేలమంది స్వచ్ఛందంగా పలుగూ పారా పట్టి, కొండ కొమ్ము నుంచి సముద్రం దాకా సాగే ‘స్కైలైన్ టు ది సీ’ కాలిబాటకు రూపమిచ్చారు. దాదాపు 30 మైళ్లు, మధ్యమధ్య రాత్రి మజిలీలు.

2020 ఆగస్టులో పిడుగులు పడి పార్కులో 97 శాతం కాలింది. 1930ల నాటి చెక్క కార్యాలయం మిగల్లేదు. పెద్ద రెడ్‌వుడ్‌లు మాత్రం చాలావరకు బతికాయి. అడుగు మందం దాకా ఉండే బెరడు కింద నిద్రాణంగా ఉన్న మొగ్గలు, చెట్టు దశాబ్దాల కిందట తయారుచేసి దాచుకున్న చక్కెరతో చిగుళ్లు వేశాయని శాస్త్రవేత్తలు తేల్చారు. 2022 జూలైలో పార్కును కొంతమేర పగటి సందర్శకులకు తెరిచారు. కొత్త కట్టడాలను ముసలి చెట్ల వేళ్లకు దూరంగా, బయటివైపు కట్టాలన్నది ఇప్పటి ఆలోచన. కారు దిగగానే పెద్ద మాను కింద డేరా వేసుకునే సుఖం దానితో తగ్గవచ్చు. తగ్గనీయండి, మరికాస్త నడుద్దాం.